పన్ను తీయించుకోవాలంటే ఎవరి దగ్గరకు వెళ్ళాలి? డెంటిస్టు దగ్గరకా, ఓరల్ సర్జన్ దగ్గరకా?



కన్ను నొప్పి పెడితే కంటి డాక్టరు, ఎముక విరిగితే ఎముకల డాక్టరు అని అందరికీ తెలుసు. పంటి దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామందికి సందేహమే. ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడు, వార్డులో మంచం పక్కన, ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్ గారూ, మా ఊళ్ళో పళ్ళ డాక్టరు గారు నా పన్ను చూసి, దీన్ని ఓరల్ సర్జన్ గారి దగ్గర తీయించుకోండి అని చీటీ రాసిచ్చారు. ఆయనకు చేతకాకనా, లేక మా చేత డబ్బు ఖర్చు పెట్టించడానికా?" ఇంకొందరు ఇందుకు పూర్తిగా ఎదురు మాట్లాడతారు. "మామూలు డెంటిస్టు వద్దండీ, డబ్బు పోతే పోయింది, పెద్ద సర్జన్ గారి చేతే తీయిస్తాం" అంటారు.

ఈ రెండు మాటల వెనుకా ఉన్న ఆలోచన ఒక్కటే. ఎవరు పెద్ద డాక్టరు, ఎవరు చిన్న డాక్టరు అని లెక్క వేస్తున్నారు. నిజానికి రెండు సంగతులు చూస్తే చాలు. తీయవలసిన పన్ను ఎలాంటిది? ఆ పన్ను ఉన్న మనిషి ఆరోగ్యం ఎలా ఉంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎవరి దగ్గరకు వెళ్ళాలో దానంతటదే తేలిపోతుంది. అనవసరంగా పట్నం వెళితే బస్సు ఛార్జీలు, రెండు రోజుల కూలి నష్టపోతాము. అవసరమైనప్పుడు వెళ్ళకపోతే పెదవి మొద్దుబారడం, రక్తం ఆగకపోవడం, దవడ ఎముక పాడవడం వంటి చిక్కులు వస్తాయి. అందుకే ఈ నెల ఈ విషయం వివరంగా రాస్తున్నాము.

ఇద్దరూ పళ్ళ డాక్టర్లే, తేడా ఏమిటి?

మన దేశంలో డెంటిస్టు అంటే బి.డి.ఎస్. చదివినవారు. నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, రాష్ట్ర దంతవైద్య రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్నవారు. పన్ను తీయడం వారి చదువులో ఒక ముఖ్యమైన భాగం. కళాశాల ఆసుపత్రిలో ఉండగానే ఎన్నో పళ్ళు తీసి చేయి తిరిగినవారై బయటికి వస్తారు.

బి.డి.ఎస్. తరువాత మరో మూడేళ్ళు చదివితే ఎం.డి.ఎస్. అవుతుంది. ఇందులో చాలా శాఖలున్నాయి. రూట్ కెనాల్ చేసేవారు, చిగుళ్ళ వైద్యులు, ఎత్తు పళ్ళకు క్లిప్పులు వేసేవారు, పిల్లల పళ్ళ వైద్యులు వేరువేరుగా ఉంటారు. ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ అనేది వీటిలో ఒక శాఖ. నోరు, దవడలు, ముఖం ఎముకలకు సంబంధించిన ఆపరేషన్లు చేసేది వీరే. రోడ్డు ప్రమాదంలో విరిగిన దవడను కట్టడం, దవడలో నీటితిత్తి తీయడం, ఎముకలో ఇరుక్కున్న పన్నును కోసి తీయడం వీరి పని.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఓరల్ సర్జన్ కూడా మొదట డెంటిస్టే. అలాగని ప్రతి ఎం.డి.ఎస్. డాక్టరూ ఓరల్ సర్జన్ కాదు. బోర్డు మీద ఎం.డి.ఎస్. అని మాత్రమే ఉంటే, "డాక్టరు గారూ, మీరు ఏ శాఖలో చేశారండీ?" అని మర్యాదగా అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టర్లు తక్కువ.

మన దేశంలో ఈ చదువుకు వందేళ్ళ చరిత్ర ఉంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. ఆయన పుట్టినరోజైన డిసెంబరు 24ను, అంటే మన క్రిస్మస్ ముందురోజును, దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపలలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ఈ కళాశాలల్లో డెంటిస్టులు, ఓరల్ సర్జన్లు ఒకే కప్పు కింద ఉంటారు. ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియనివారికి, ఖర్చు భరించలేనివారికి ఇవి మంచి దారి.

సంతల్లో, బస్టాండుల దగ్గర కూర్చుని పళ్ళు పీకేవారిని, పళ్ళు కట్టేవారిని మేము ఈ లెక్కలో చేర్చడం లేదు. వారి దగ్గర ఎక్స్‌రే ఉండదు. పనిముట్లను ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసే ఏర్పాటు ఉండదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. క్రిములు రక్తం అంటిన పనిముట్ల ద్వారా ఒకరి నుండి ఒకరికి రావచ్చు. పది రూపాయలు మిగిలాయని సంతోషించే పని కాదిది.

మొదటి ప్రశ్న: అసలు ఆ పన్ను తీయాలా?

ఎవరు తీయాలి అనే ముందు, తీయవలసిందేనా అని అడగండి. పిప్పి పట్టిన పన్ను నొప్పి పెడుతుంటే, "తీసి పారేయండి, పీడ పోతుంది" అంటారు చాలామంది. కాని పిప్పి లోపలి నరం వరకు వెళ్ళినా, పంటి పైభాగం తగినంత మిగిలి ఉంటే రూట్ కెనాల్ చేసి, తొడుగు వేసి కాపాడవచ్చు. పన్ను తీసేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, నమలడం ఒక పక్కకే పరిమితమవుతుంది. మరల కట్టుడు పన్ను పెట్టించుకుంటే దాని ఖర్చు వేరు. కాపాడే వీలుందా లేదా అన్నది డెంటిస్టు గారు ఎక్స్‌రే చూసి చెబుతారు. కనుక మొదటి మెట్టు దాదాపు అందరికీ డెంటిస్టే.

డెంటిస్టు గారి దగ్గర తీయించుకోదగినవి

చిగుళ్ళ జబ్బుతో బాగా కదులుతున్న పళ్ళు, బాగా పిప్పి పట్టినా పైకి కనిపిస్తూ పనిముట్టుకు పట్టు దొరికే పళ్ళు, క్లిప్పులు వేయడానికి చోటు కోసం తీసే పళ్ళు, నేరుగా మొలిచిన జ్ఞానదంతాలు, కట్టుడు పళ్ళ సెట్టు కోసం తీసే పళ్ళు. ఇవన్నీ మామూలుగా డెంటిస్టు గారి కుర్చీలోనే అయిపోతాయి. చిగురు దగ్గర ఒక మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. దానిలోని మందు లిగ్నోకైన్. 1948 నుండి వాడుకలో ఉన్నది, ఎంతో అనుభవం ఉన్న మందు. ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకు ఆ భాగం మొద్దుబారుతుంది. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది కాని నొప్పి తెలియకూడదు. నొప్పి తెలిస్తే చెయ్యి పైకెత్తండి. డాక్టరు గారు ఆపి మరి కొంచెం మందు ఇస్తారు. ఓర్చుకుని కూర్చోవలసిన అవసరం లేదు.

పన్నును బట్టి ఓరల్ సర్జన్ అవసరమయ్యే సందర్భాలు

ఒకటి, దవడలో ఇరుక్కున్న జ్ఞానదంతం. ఇవి మామూలుగా 17 నుండి 25 ఏళ్ళ మధ్య వస్తాయి. చోటు చాలక కొందరికి అడ్డంగా పడుకుని, సగం చిగురు కిందే ఉండిపోతాయి. చిగురు కోసి, చుట్టూ కొంత ఎముక తీసి, అవసరమైతే పన్నునే రెండు ముక్కలు చేసి తీయవలసి వస్తుంది. కింది దవడ ఎముక లోపల కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం ఒకటి పోతుంది. నాలుక నరం కూడా ఆ పక్కనే ఉంటుంది. పంటి వేరు ఆ నరానికి ఆనుకుని ఉంటే, తీసేటప్పుడు నరం దెబ్బతిని పెదవి గాని నాలుక గాని మొద్దుబారవచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కొద్దిమందికి శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే మొత్తం దవడ కనిపించే ఓ.పి.జి. ఎక్స్‌రే తీయిస్తారు. వేరు నరానికి మరీ దగ్గరగా ఉంటే సి.టి. స్కాన్ వంటి పరీక్ష కూడా అడుగుతారు. కొన్నిసార్లు వేర్లను అలాగే వదిలి పంటి పైభాగం మాత్రమే తీసే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ ఆలోచించి నిర్ణయించేది ఓరల్ సర్జన్.

రెండు, వేరు ముక్క లోపల ఉండిపోయినప్పుడు, వేర్లు బాగా వంకర తిరిగినప్పుడు, పన్ను ఎముకకు అతుక్కుపోయినప్పుడు.

మూడు, పై దవడ పళ్ళ వేర్లు సైనస్ గదిలోకి చొచ్చుకుని ఉన్నప్పుడు. పన్ను తీసిన చోట సైనస్‌కు దారి తెరుచుకుంటే తాగిన నీళ్ళు ముక్కులోనుండి వస్తాయి. దానిని సరిగా మూసి కుట్టడం సర్జన్ చేయవలసిన పని.

నాలుగు, పంటి కింద పెద్ద నీటితిత్తి గాని గడ్డ గాని ఎక్స్‌రేలో కనిపించినప్పుడు.

అయిదు, ఇది చాలా ముఖ్యం. ఒక్క పన్ను మాత్రమే కారణం లేకుండా కదులుతూ, దాని పక్కన రెండు వారాలు దాటినా మానని పుండో, తెల్లని లేక ఎర్రని మచ్చో, కండ పెరుగుదలో ఉన్నప్పుడు. ఇది నోటి క్యాన్సర్ కావచ్చు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో నిప్పు లోపలికి పెట్టి చుట్ట అడ్డపొగ తాగే అలవాటు ఆడవారిలో ఎక్కువ. వారికి అంగిట్లో మచ్చలు, పుండ్లు వస్తాయి. గుట్కా, ఖైనీ నమిలేవారికి బుగ్గ లోపల, చిగుళ్ళ పక్కన వస్తాయి. ఇలాంటి చోట పన్ను పీకేస్తే పుండు మానదు సరికదా, అసలు జబ్బు గుర్తించడం ఆలస్యమవుతుంది. పన్ను ముట్టుకోకముందే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మీ ఇంట్లో పెద్దవారికి ఇలాంటి పుండు ఉంటే సిగ్గుపడి దాచనివ్వకండి.

ఒంటి ఆరోగ్యాన్ని బట్టి జాగ్రత్త పడవలసినవారు

కొన్నిసార్లు పన్ను సులువుగానే వస్తుంది, చిక్కు మనిషి ఆరోగ్యంలో ఉంటుంది. కింది వారు పన్ను తీయించుకునే ముందు తప్పనిసరిగా చెప్పాలి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారు: గుండె కవాటం మార్పించుకున్నవారు వార్ఫరిన్ గాని అసిట్రోమ్ గాని వేసుకుంటారు. స్టెంటు వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. పన్ను తీయించుకోవాలని ఈ మాత్రలను మీ అంతట మీరు మానవద్దు. పంటి దగ్గర రక్తం కారితే ఆపడానికి దూది, కుట్లు, మందులు ఉన్నాయి. కవాటంలోనో స్టెంటులోనో రక్తం గడ్డకడితే ప్రాణం మీదకే వస్తుంది. వార్ఫరిన్, అసిట్రోమ్ వేసుకునేవారు ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్షను పన్ను తీసే ముందు 24 గంటలలోపు చేయించుకోవడం మంచిది. అది 4 దాటి ఉంటే వాయిదా వేస్తారు. మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతాయి. కనుక పంటి నొప్పికి మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు.

గుండె కవాటం మార్పించుకున్నవారు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు: పన్ను తీసేటప్పుడు నోటిలోని క్రిములు రక్తంలోకి వెళ్ళి కవాటం మీద చేరవచ్చు. అందుకే అరగంట నుండి గంట ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇస్తారు. పెద్దవారికి సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు ఇస్తారు. ఈ సంగతి మీ గుండె డాక్టరు గారి చేత రాయించుకుని వెళ్ళండి.

షుగరు ఉన్నవారు: షుగరు అదుపులో ఉంటే భయం లేదు. ఉదయం పూట, టిఫిను తిని, మాత్ర గాని ఇన్సులిన్ గాని వేసుకుని రండి. పరగడుపున రావద్దు. షుగరు బాగా ఎక్కువగా ఉంటే గాయం మానదు, చీము పడుతుంది, కాబట్టి ముందు తగ్గించాలి.

ఎముకలు గట్టిపడే మందులు వాడేవారు: ఎముకలు గుల్లబారినందుకు వారానికి ఒకసారి అలెండ్రోనేట్ మాత్ర వేసుకునేవారు, క్యాన్సర్ ఎముకకు పాకినందుకు జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ తీసుకునేవారు ఉన్నారు. ఈ మందుల వలన పన్ను తీసిన చోట ఎముక మానక బయటపడి ఉండిపోవచ్చునని 2003 నుండి వైద్యులు గమనిస్తున్నారు. మాత్రలు వేసుకునేవారికి ఇది అరుదు. ఇంజెక్షన్ తీసుకునేవారికి ఎక్కువ.

నోటికి, మెడకు కరెంటు పెట్టించుకున్నవారు: క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చిన దవడలో రక్తప్రసారం తగ్గుతుంది. ఎన్నేళ్ళయినా సరే, ఆ వైపు పన్ను తీసే ముందు చెప్పి తీరాలి. ఓరల్ సర్జన్ గారి సలహా లేకుండా తీయించుకోకండి.

డయాలసిస్ చేయించుకునేవారు, కాలేయం జబ్బు ఉన్నవారు, హిమోఫిలియా ఉన్నవారు, ఈమధ్యే డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గినవారు: రక్తం ఆగడం కష్టం కావచ్చు. డయాలసిస్ రోజున కాక మరుసటి రోజున పన్ను తీయడం మేలు. హిమోఫిలియా ఉన్న పిల్లవాడికి ఊగుతున్న పాలపన్నును కూడా ఇంట్లో లాగవద్దు.

గర్భిణులు: నాలుగు నుండి ఆరు నెలల మధ్య అనువైన సమయం. అయితే చీము పట్టి జ్వరం వస్తే ఏ నెలలోనైనా వైద్యం చేయవలసిందే. పన్ను ముట్టుకుంటే బిడ్డకు హాని అని చీముతో రోజులు గడపడమే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

హెచ్.ఐ.వి. ఉన్నవారు: మందులు సక్రమంగా వాడుతూ ఆరోగ్యంగా ఉంటే అందరిలాగే పన్ను తీయించుకోవచ్చు. ఈ కారణంతో వైద్యం నిరాకరించకూడదని 2017లో చేసిన చట్టం చెబుతోంది. మీరు చెప్పిన సంగతి రహస్యంగా ఉంచడం మా బాధ్యత.

ముగ్గురిని తీసుకుని చూద్దాం

వీరు ఫలానా వారని కాదు. ఇలాంటివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

అరవై ఎనిమిదేళ్ళ మామ్మగారు. కింది ముందు పళ్ళు నాలుగు కదులుతున్నాయి. మనవడి పెళ్ళిలోగా సెట్టు పెట్టించుకోవాలని కోరిక. షుగరు ఉంది, అదుపులో ఉంది. "పెద్దావిడ కదా, హైదరాబాదు తీసుకెళ్ళి సర్జన్‌కే చూపిద్దాం" అంటున్నాడు కొడుకు. అవసరం లేదు. ఆవిడ పళ్ళు కదిలేవే కాబట్టి దగ్గరలోని డెంటిస్టు గారు ఉదయం పూట తీసేస్తారు. ప్రయాణపు బడలిక తప్పుతుంది. పెళ్ళి తేదీ ముందే చెబితే, చిగుళ్ళు మాని గట్టిపడడానికి కావలసిన వారాలు లెక్క వేసుకుని సెట్టు పని మొదలుపెడతారు.

ఇరవై ఒక్క ఏళ్ళ ఇంజనీరింగు విద్యార్థి. కింది జ్ఞానదంతం అడ్డంగా ఉంది. పరీక్షలు వచ్చినప్పుడల్లా చిగురు వాచి నోరు తెరవలేకపోతున్నాడు. ఎక్స్‌రేలో వేరు నరానికి దగ్గరగా ఉంది. డెంటిస్టు గారు వాపు తగ్గడానికి మందులు ఇచ్చి ఓరల్ సర్జన్‌కు రాశారు. ఇది సరైన పని. పది నిమిషాల్లో తీసేస్తానని చెప్పి పన్ను విరగ్గొట్టే డాక్టరు కంటే, ఇది నేను తీయదగినది కాదని ముందే చెప్పిన డాక్టరు మీ మేలు కోరినవారు. ఇక రెండోవైపు జ్ఞానదంతం నొప్పీ వాపూ లేకుండా ఉంటే దాన్ని కూడా ఎలాగూ తీయించేద్దామని తొందరపడకండి. ఏ జబ్బూ లేని ఇరుకు జ్ఞానదంతాలను ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2000లోనే సూచించింది. అలాంటివాటిని అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు.

నలభై అయిదేళ్ళ తండ్రి. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి కవాటం పాడై, లోహపు కవాటం పెట్టించుకున్నాడు. రోజూ అసిట్రోమ్ వేసుకుంటాడు. పిప్పి పన్ను ఒకటి నొప్పి. పన్ను చూస్తే సులువైనదే. కాని అతని విషయంలో ఐ.ఎన్.ఆర్. చూడాలి, ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాలి, తీశాక కుట్లు వేసి కొంతసేపు చూసి పంపాలి. కనుక గుండె డాక్టరు, దంతవైద్యులు ఇద్దరూ ఉన్న ఆసుపత్రిలో చేయించుకోవడం క్షేమం. అక్కడ డెంటిస్టు తీసినా, ఓరల్ సర్జన్ తీసినా ఫరవాలేదు. అతని విషయంలో డాక్టరు కంటే చోటు ముఖ్యం.

ఆలోచిస్తూ కూర్చోకూడని సందర్భాలు

ఈ లక్షణాలు ఉంటే డెంటిస్టా సర్జనా అని వెతకకండి. రాత్రి అయినా సరే, ఆదివారమైనా సరే, నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

1. వాపు గడ్డం కిందికి, మెడ మీదికి దిగడం.
2. మింగలేకపోవడం, చొంగ కారడం, మాట ముద్దగా రావడం.
3. నాలుక పైకి లేచినట్లు ఉండడం, ఊపిరి ఆడకపోవడం.
4. కన్ను మూసుకుపోయేంత వాపు.
5. నోరు తెరవలేకపోవడం, దానితోపాటు చలి జ్వరం.
6. పన్ను తీశాక ఒత్తి పట్టినా రక్తం ఆగకపోవడం.

పంటి చీము నాలుక కిందికి, మెడలోకి పాకే జబ్బును జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వివరించాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గొంతు వాచి ఊపిరి దారి మూసుకుపోతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. చాలాసార్లు ఇది మొదలయ్యేది వారాల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చిన ఒక పిప్పి పన్ను వల్లనే. మాత్రతో నొప్పి తగ్గినంత మాత్రాన లోపలి చీము పోదు. చీముకు దారి చేయాలి, కారణమైన పంటికి వైద్యం చేయాలి.

వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళవలసినవి, అడగవలసినవి

మీరు వాడే మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. "తెల్లమాత్ర ఒకటి, గులాబిరంగు మాత్ర ఒకటి" అంటే ఎవరికీ తెలియదు. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, మందు పడని సంగతి రాసిన చీటీ ఉంటే చూపించండి. తరువాత ఈ ప్రశ్నలు అడగండి.

ఈ పన్నును కాపాడే వీలుందా? ఎక్స్‌రేలో వేర్లు నరానికి గాని సైనస్‌కు గాని దగ్గరగా ఉన్నాయా? మామూలుగా తీయడమా, కోసి తీయడమా? వేరు విరిగితే మీరే తీస్తారా, ఎక్కడికైనా పంపుతారా? మొత్తం ఖర్చు, ఎక్స్‌రే, మందులు, కుట్లు విప్పడంతో కలిపి ఎంత అవుతుంది? రాత్రి రక్తం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే డాక్టరు గారి దగ్గర, ఆయన డెంటిస్టయినా సర్జనయినా, ధైర్యంగా కూర్చోవచ్చు. ఎక్స్‌రే లేకుండా, మీ జబ్బుల గురించి ఒక్క మాట అడగకుండా పనిముట్టు చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆగమని చెప్పండి.

కొన్ని అపోహలు

"పై పన్ను తీస్తే చూపు పోతుంది" అని మన పెద్దలు చాలామంది నమ్ముతారు. చూపుకు సంబంధించిన నరం వేరు, పళ్ళకు సంబంధించిన నరం వేరు. పన్ను తీయడం వలన చూపు పోదు. పెద్ద వయసులో పళ్ళు ఊడే కాలంలోనే కంట్లో శుక్లాలు కూడా వస్తాయి కాబట్టి రెండింటినీ కలిపి చెప్పుకుంటారు.

"సర్జన్ అంటే పూర్తి మత్తు ఇస్తారు" అనేది ఇంకొక భయం. జ్ఞానదంతాల ఆపరేషన్లు కూడా చాలావరకు చిగురు మొద్దుబారే ఇంజెక్షన్‌తోనే చేస్తారు. అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"నొప్పి పంటి పక్కన ఆస్పిరిన్ మాత్ర పెడితే తగ్గుతుంది" అని కొందరు పెడతారు. దానివల్ల చిగురు, బుగ్గ కాలినట్లు తెల్లబడి పుండు పడుతుంది. జర్దా, సున్నం, కర్పూరం కూడా అంతే.

ఎవరు తీసినా ఇంట్లో పాటించవలసినవి

డాక్టరు గారు పెట్టిన దూదిని అరగంట నుండి ముప్పావు గంట వరకు గట్టిగా కొరికి పట్టుకోండి. మాటిమాటికీ తీసి చూడవద్దు. ఆ రోజంతా ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, స్ట్రాతో తాగవద్దు. గుంతలో కట్టిన రక్తపు గడ్డే గాయానికి కట్టు. అది ఊడిపోతే ఎముక బయటపడి రెండు మూడు రోజుల తరువాత చెవి దాకా లాగే నొప్పి వస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి ఇది ఎక్కువ. చల్లని జావ, మజ్జిగ, మెత్తని పెరుగన్నం తినండి. మత్తు పోయేదాకా వేడి పదార్థాలు, బుగ్గ కొరుక్కోవడం విషయంలో జాగ్రత్త. వాపు రాకుండా మొదటి రోజు బయటినుండి ఐసు పెట్టండి, కాపడం వద్దు. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి. రాసిచ్చిన మందులు పూర్తిగా వాడండి. ఉమ్మిలో కొంచెం ఎరుపు మరునాటి దాకా కనిపించడం సహజమే. ధారగా వస్తే శుభ్రమైన బట్టను మడిచి కొరికి పట్టుకుని వెంటనే రండి.

చివరిగా ఒక మనవి. మీ ఊరి డెంటిస్టు గారు చీటీ రాసి సర్జన్‌కు పంపిస్తే, ఆ చీటీని ఇంట్లో పెట్టి నెలలు గడపకండి. ఖర్చుకు వెనుకాడితే మా ఓ.పి.లోని నర్సులతో గాని మీ పాస్టరు గారితో గాని ఒక మాట చెప్పండి. ఎక్కడ తక్కువలో అవుతుందో విచారించి చెబుతాము. పొగాకు అలవాటున్న పెద్దలను ఈ వారమే దీపం వెలుగులో నోరు తెరిపించి ఒకసారి చూడండి. మానని పుండు కనిపిస్తే వెంటబెట్టుకుని తీసుకురండి.

వచ్చే సంచికలో కట్టుడు పళ్ళ సెట్టును శుభ్రంగా ఉంచుకోవడం గురించి రాస్తాము. ప్రభువు మీ కుటుంబాలన్నింటికీ మంచి ఆరోగ్యం దయచేయును గాక.

– నర్సింగ్ విభాగం తరపున, నర్సింగ్ సూపరింటెండెంట్